సెలవుల రద్దీలో సముద్రానికి పోతే రూం ఎక్కడ తీసుకోవాలె? నల్లగొండ, పాలమూరు కుటుంబాలకు ఒక పోలిక

నల్లగొండ నుంచి చీరాల సముద్రం సుమారు 200 కిలోమీటర్లు. మిర్యాలగూడ మీదుగా పోయి వాడపల్లి కాడ కృష్ణ దాటితే పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, ఆ తర్వాత చీరాల. కారులో నాలుగైదు గంటల దారి. పాలమూరు నుంచి అయితే ఇంకో వంద కిలోమీటర్లకు పైనే పడతది. దారి ఖర్చు ఎవరికైనా అంచనా ఉంటది. లెక్క తప్పేది రూం కాడ.

మామూలు రోజుల్లో ఏ రూం తీసుకున్నా నడుస్తది, నచ్చకపోతే పక్క లాడ్జికి పోవచ్చు. ఊర్లో దసరా చేసుకుని తెల్లారి బయల్దేరే రోజులు, కార్తీక పున్నమి, డిసెంబర్ ఆఖరు వారం, సంక్రాంతి సెలవులు, మే నెల శని ఆదివారాలు అట్ల కాదు. ఆ రోజుల్లో కిరాయి పెరుగుతది, నచ్చకపోయినా మారే వీలు ఉండది. అందుకే ఎంపిక ఇంట్లో కూర్చుని చేసుకుని పోవాలె.

మా తీర్పు ముందే చెప్తున్నం. నలుగురి కంటే ఎక్కువ మంది, రెండు రాత్రులు, చేతిలో పైసలు లెక్కగా ఉన్నయి అంటే ఊర్లో లాడ్జి తీసుకుని సముద్రానికి పోయి రావాలె. అలల ముంగట ఉండే రిసార్టు కొందరికి మాత్రమే లాభం. ఎందుకంటే సముద్రం కాడ మీరు నిజంగా ఉండేది పొద్దుగాల ఆరు నుంచి తొమ్మిది, మాపటికి నాలుగు నుంచి ఆరున్నర. మధ్యలో ఇసుక మీద కాలు పెట్టలేరు, చీకటి పడ్డంక నీళ్లలోకి దిగొద్దు. రోజుకు అయిదున్నర గంటల కోసం మిగిలిన పద్దెనిమిది గంటల కిరాయి కూడా సముద్రం రేటున కడుతున్నరు. ఇంకో మాట, మనది తూర్పు తీరం. నీళ్ల మీద సూర్యుడు పొడిచేది చూడాలె కాని కుంకేది ఇక్కడ నీళ్ల మీద కనిపించది. "సన్‌సెట్ వ్యూ" అని ఎక్కువ కిరాయి చెప్తే అది దేని వ్యూనో అడగండి.

చీరాల, బాపట్ల తీరంలో ఉన్న దారులు

చీరాల ఊరి నుంచి వాడరేవు ఆరేడు కిలోమీటర్లు, ఆ పక్కనే రామాపురం. రిసార్టులు ఎక్కువ ఈ దిక్కే ఉన్నయి. బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. చీరాల, బాపట్ల రెండూ రైలు స్టేషన్ ఉన్న ఊర్లే. చీరాల పెద్దది. లాడ్జీలు, టిఫిన్ సెంటర్లు, చేనేత బట్టల దుకాణాలు ఎక్కువ, ఆటోలు రాత్రి కూడా దొరుకుతయి. బాపట్ల నిమ్మళమైన ఊరు, లాడ్జీలు తక్కువ కాబట్టి ముందు నిండేది అదే. సముద్ర స్నానమే ముఖ్యం, జనం, పోలీసులు, గజఈతగాళ్లు ఉండే చోటు కావాలె అంటే సూర్యలంక, బాపట్ల. తిండి, బజారు కూడా కావాలె అంటే చీరాల.

ఊరి లాడ్జిలో అడగాల్సినవి తక్కువే. ఆ తేదీల్లో పెళ్లి ముహూర్తం ఉందా అని ముందు అడగండి. ముహూర్తం ఉంటే లాడ్జి అంతా పెండ్లివాళ్లే తీసుకుంటరు, మీకు ఇచ్చిన మాట చివరికి జారిపోతది, ఒకవేళ రూం ఇచ్చినా తెల్లారేదాంక బ్యాండు. లిఫ్ట్ ఉందా, బండి పెట్టే జాగ లోపలనా రోడ్డు మీదనా, తడిబట్టలు ఆరేసుకోనికి డాబా మీదికి పోనిస్తరా అని అడగండి. ఆరుగురు సముద్రం నుంచి వస్తే పన్నెండు తడిబట్టలు ఉంటయి, వాటిని రూంలో ఆరేస్తే రాత్రికి ముక్క వాసన, తెల్లారికి సగం తడి. ఇసుకతో బాత్‌రూంలోకి పోతే జాలి మూసుకుపోయి నీళ్లు నిలుస్తయి. కాబట్టి కింద నల్లా కాడ కాళ్లు కడుక్కునే వీలు ఉన్న లాడ్జి మంచిది.

రిసార్టు కాడ అడగాల్సినవి ఎక్కువ, మోసపోయేది కూడా ఇక్కడే. "బీచ్ రిసార్ట్" అన్నంత మాత్రాన సముద్రం ముంగట ఉండాలని లేదు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ బొమ్మలో రిసార్టు గేటు నుంచి తడి ఇసుక దాంక దూరం కొలవండి. మధ్యలో సరుగుడు తోట ఉందా, ఉప్పుకాలువ ఉందా, ఇంకొకరి గోడ ఉందా కనిపిస్తది. 400 మీటర్లు వదులు ఇసుకలో నడవడం అంటే మామూలు మనిషికి పది నిమిషాలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు అరగంట. "సీ ఫేసింగ్" అంటే కిటికీ సముద్రం దిక్కు తెరుచుకుంటది, "సీ వ్యూ" అంటే ఎక్కడో మూల నుంచి కనిపించినా అంటరు, "గార్డెన్ కాటేజ్" అంటే సముద్రం ఊసే లేదు. ఏ రూమో పేరుతో రాయించుకోండి.

తర్వాత కరెంటు. సెలవుల్లో అన్ని రూముల ఏసీలు ఒక్కసారి నడిస్తే తీరం పక్క లైన్ల మీద బరువు పడి ఓల్టేజి తగ్గుతది, కరెంటు పోతది. "జనరేటర్ ఉందా" అంటే అందరూ ఉందనే చెప్తరు. అడగాల్సింది "జనరేటర్ మీద ఏసీ నడుస్తదా, లైట్లు ఫ్యాన్లేనా" అని. ఉప్పుగాలికి ఏసీ బయటి డబ్బా రేకులు తుప్పు పడతయి, దాంతోని గాలి వస్తది కాని చల్లదనం రాదు. రూంలోకి పోంగనే ఏసీ 18 మీద పెట్టి పది నిమిషాలు చూడండి, సామాను అప్పుడు దింపండి. అదే పది నిమిషాల్లో కిటికీ గడియ, బాత్‌రూం గడియ వేసి తీయండి. తుప్పుకు ముందు పోయేవి అవే.

నీళ్ల సంగతి మర్రిగూడ, మునుగోడు దిక్కు వాళ్లకు చెప్పే పనిలేదు, ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు నీటి విలువ తెలుసు. తీరం పక్క బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా ఉంటయి. సబ్బు నురుగు రాదు, తలస్నానం చేసినా వెంట్రుకలు జిగటగా ఉంటయి. స్నానానికి ఏ నీళ్లు, తాగనికి 20 లీటర్ల క్యాన్ రూంకు ఇస్తరా, దానికి వేరే పైసలా అని అడగండి. ఆరుగురికి ఎండాకాలం రోజుకు ఒక క్యాన్ చాలకపోవచ్చు. లీటరు సీసాలు కొనుక్కుంటూ పోతే అదే ఒక పూట భోజనం ఖర్చు.

ఇంకొకటి, డే ప్యాకేజీ. రూం తీసుకోకుండా పొద్దుగాల వచ్చి మాపటికి పోయేవాళ్లకు స్విమ్మింగ్ పూల్, భోజనం కలిపి టికెట్ అమ్మే రిసార్టులు ఉన్నయి. రద్దీ రోజున మీ పిల్లలు దిగాల్సిన పూల్‌లో బయటి గుంపులు నిండుతయి, డీజే పెడతరు. "ఆ తేదీన డే గెస్టులు ఉంటరా, పాటలు ఎన్ని గంటల దాంక" అని నేరుగా అడగండి. పసిపిల్లలు, ముసలోళ్లు ఉన్న ఇంటివాళ్లు జవాబు తేల్చి చెప్పని చోటు వదిలెయ్యాలె.

సూర్యలంకలో ఆంధ్రప్రదేశ్ టూరిజం శాఖ హరిత రిసార్టు ఉంది. ఇసుక పక్కనే ఉండడం దాని బలం. రూములు కొన్నే, సెలవులకు చాలా ముందే నిండుతయి. ఖాళీ దొరికితే, ఇటీవల తీసిన ఫోటోలు చూసి తీసుకోండి. బుకింగ్ టూరిజం శాఖ వెబ్‌సైట్‌లో చేసుకోండి.

పది పన్నెండు మంది అయితే రూములు వద్దు, పూర్తి ఇల్లు కిరాయికి తీసుకోండి. బాత్‌రూంలు లెక్క పెట్టాలె, పడకలు కాదు. నలుగురైదుగురికి ఒకటి లేకపోతే పొద్దుగాల సూర్యోదయం చూసేది సగం మందే. గ్యాస్ పొయ్యి, సిలిండర్ కిరాయిలో కలిసిందా, గిన్నెలు ఎంత మందికి సరిపోయేటివి ఉన్నయి అని అడగండి. వండుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాంక 61 రోజులు మోటారు పడవలతో చేపల వేట బంద్ ఉంటది. మే నెలలో "తాజా సముద్రపు చేప" అని అమ్మేది చాలా వరకు ఐసు పెట్టెలోదో, చెరువు చేపనో, చెరువు రొయ్యనో అయి ఉంటది. చేపల కోసమే పోయేవాళ్లు మే వదిలి డిసెంబర్, జనవరి పెట్టుకోవాలె. సత్రాలు, ధర్మశాలలు అన్నిటికంటే చవక. కాని మాంసం, మందు నడవదు, రాత్రి గేటు వేస్తరు. కార్తీక స్నానానికి పోయే పెద్దవాళ్లకు అవి సరిపోతయి.

పైసల లెక్క

నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, రెండు రూములు, రెండు రాత్రులు అనుకుందం. లెక్క కోసం ధరలు పెడుతున్నం, మీకు చెప్పిన ధర వేసి మళ్లీ చూసుకోండి. రిసార్టు రూం 4,000 అయితే రెండు రూములకు రెండు రాత్రులు 16,000, జీఎస్టీ 800, మొత్తం 16,800. ఊర్లో ఏసీ లాడ్జి 1,800 అయితే 7,200, జీఎస్టీ 360, మొత్తం 7,560. తేడా 9,240. లాడ్జి నుంచి సముద్రానికి నాలుగుసార్లు పోయి రావాలె, రెండు ఆటోలకు ఆగి ఉండేదానితో కలిపి ఒక్కోసారికి 1,000 వేసినా 4,000. ఇంకా అయిదువేలు మీ దగ్గరే ఉంటయి. సొంత కారు ఉంటే ఎనిమిది వేలకు పైనే మిగులుతది. తిండి ఈ లెక్కలో లేదు. రిసార్టు లోపల పిల్లాడు ఆకలన్నా అక్కడి రేటే. ఊర్లో అయితే రోడ్డు మీద ఇడ్లీ బండి ఉంటది.

జీఎస్టీ విషయంలో జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాంక ఉన్న రూముకు 5 శాతమే. అంతకుముందు 12 ఉండె. ఇప్పటికీ 12 వేసి చెప్తే బిల్లు మీద రాసి ఇయ్యమనండి, తగ్గుతది.

ఇక రిసార్టు ఎవరికి లాభం? ఒక్క రాత్రికే పోయేవాళ్లు, సొంత బండి ఉన్నవాళ్లు. మధ్యాహ్నం మూడింటికి రూంలో దిగితే ఆ మాపు, తెల్లారి పొద్దున రెండుసార్లు సముద్రం దొరుకుతది, తిరుగుడు ఖర్చు ఉండది. ఏడాది లోపు పసిబిడ్డ ఉన్నవాళ్లకు, ఎక్కువ నడవలేని పెద్దలున్నవాళ్లకు కూడా రిసార్టే నయం. బిడ్డ ఏడిస్తే అయిదు నిమిషాల్లో రూంలో ఉంటరు. సెలవుల్లోనే అయినా సోమవారం నుంచి గురువారం లోపు పోగలిగితే రేటు అడిగి చూడండి, శని ఆదివారాల కంటే దిగుతరు.

ఒక్క విషయంలో పైసలు చూడొద్దు. రామాపురం దిక్కు కొన్ని రిసార్టుల వెనక తీరం ఏకాంతంగా ఉంటది, ఫోటోలకు బాగుంటది. అక్కడ కావలి మనిషి ఉండడు. ఈ తీరంలో ఒడ్డు దగ్గరే నేల ఒక్కసారి లోతు అయ్యే చోట్లు, అల వెనక్కి పోతూ మనిషిని లోపలికి గుంజే పాయలు ఉన్నయి. చెరువులో, కాలువలో ఈత నేర్చిన మనవాళ్లు ధైర్యం చేసేది ఇక్కడే. రెండు పక్కల అలలు విరుగుతూ మధ్యలో నురుగు లేకుండా నిమ్మళంగా కనిపించే జాగ ఉంటే అది లాగే పాయ కావచ్చు, అక్కడ దిగొద్దు. చిక్కితే ఒడ్డు దిక్కు కొట్లాడొద్దు, తీరం పక్కపొంటి ఈది పాయ దాటినంక ఒడ్డుకు తిరగాలె. పిల్లలున్నవాళ్లు రూం ఎక్కడ తీసుకున్నా, స్నానం మాత్రం గజఈతగాళ్లు ఉన్న చోటే చేయించండి.

రైలుకు పోయేవాళ్లకు చెక్ఇన్ చిక్కు

నల్లగొండ, మిర్యాలగూడలో మాపటికి నారాయణాద్రి ఎక్కితే గుంటూరు, తెనాలి దాటి బాపట్ల, చీరాల చేరేది అర్ధరాత్రి ప్రాంతంలో. అక్కడే కిరాయి లెక్క మారిపోతది. "12 టు 12" పద్ధతి ఉన్న చోట రాత్రి ఒంటిగంటకు రూం తీసుకుంటే అది ముందు రోజు లెక్క. మధ్యాహ్నం 12కు ఖాళీ చేయాలె, అంటే పదకొండు గంటల నిద్రకు పూర్తి రోజు కిరాయి. "24 గంటల" పద్ధతి ఉన్న లాడ్జిలో అదే ఒంటిగంట నుంచి తెల్లారి రాత్రి ఒంటిగంట దాంక మీదే. ఊరి లాడ్జీల్లో 24 గంటల పద్ధతి ఇంకా దొరుకుతది, రిసార్టుల్లో అరుదు. రాత్రి రైలుకు పోయేవాళ్లు లాడ్జి వైపు మొగ్గడానికి ఇది ఒక్కటే చాలు. రాత్రి కౌంటర్‌లో మనిషి ఉంటడా, గేటు తీస్తడా కూడా అడగాలె. స్టేషన్‌లో రిటైరింగ్ రూములు ఉంటే ఖాయమైన టికెట్ పీఎన్ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో తీసుకోవచ్చు, తక్కువ గంటలకు అది చవక.

కారులో పోయేవాళ్లది ఇంకో తప్పు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి తొమ్మిదింటికి చేరుకుంటరు. రద్దీ రోజున ముందు ఉన్నవాళ్లు 11కు గాని ఖాళీ చేయరు, రూం కడిగి ఇచ్చేసరికి ఒంటిగంట. నాలుగు గంటలు పిల్లలతో ఎండలో కారులో కూర్చోవాలె. నల్లగొండ నుంచి పొద్దున పది పదకొండుకు ఇంటికాడ తిని బయల్దేరితే మాపటికి నాలుగు లోపు చేరుతరు, రూం తయారుగా ఉంటది, సముద్రం చల్లగా ఉంటది.

రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటయి. 2024 నవంబర్ 1కి ముందు 120 ఉండె, ఆ లెక్కన ఆలోచించొద్దు. ముందు టికెట్, ఖాయమైనంక రూం. రూం ముందు తీసుకుంటే, ఉచితంగా రద్దు చేసుకునే వీలు ఉన్నదే తీసుకోండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాంక తుఫాన్ల కాలం. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. తుఫాను హెచ్చరిక వస్తే అధికారులు తీరం మూసేస్తరు, రిసార్టు తెరిచి ఉన్నా మీరు నీళ్ల దగ్గరికి పోలేరు. "తీరం మూస్తే అడ్వాన్స్ వాపసా, ఇంకో తేదీకి మారుస్తరా" అని పైసలు పంపకముందే తేల్చుకోండి.

ఈ తీరం కాకపోతే

నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఆఖరయ్యేది మచిలీపట్నంలో. అక్కడ మంగినపూడి తీరంలో ఇసుక కంటే నల్లమట్టి ఎక్కువ, నీళ్లు చాలా దూరం లోతు ఉండవు, చిన్నపిల్లలకు నయం. రూం బందరు ఊర్లోనే తీసుకోండి. సంక్రాంతి ముందు రెండు రోజులు మాత్రం ఆ రోడ్డు వద్దు, పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల కాడ హైదరాబాద్ బండ్లన్నీ నిలుస్తయి.

విశాఖకు మహబూబ్‌నగర్ నుంచి నేరుగా రాత్రి బండి ఉంది, నల్లగొండ నుంచి పగలు జన్మభూమి, రాత్రి విశాఖ ఎక్స్‌ప్రెస్. అక్కడ బీచ్ రోడ్డు రూం మీద పైసలు పెట్టొద్దు. ఆర్కే బీచ్ చూడనికే, స్నానానికి కాదు. రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ మధ్య లాడ్జి తీసుకుంటే అరకు పోయే రైలు పొద్దుగాలే అందుకోవచ్చు, రుషికొండ, భీమిలికి సిటీ బస్సులు ఉంటయి. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, స్నానానికి అటు పోండి.

పాలమూరు, గద్వాల వాళ్లకు గోవా కూడా దగ్గరైంది. సికింద్రాబాద్ నుంచి వాస్కో పోయే బండి వారానికి రెండుసార్లు ఈ స్టేషన్ల మీదుగా పోతది. మడ్గాంలో దిగితే కోల్వా, బెనౌలిం తీరాలు ఆరేడు కిలోమీటర్లే. కలంగూట్, బాగా పేరు విని అక్కడ రూం తీసుకుంటే మడ్గాం నుంచి 45 కిలోమీటర్లకు పైన టాక్సీ పడతది. రైలుకు పోయేవాళ్లు దక్షిణ గోవాలోనే దిగాలె. బండి కిరాయికి తీసుకుంటే నల్ల పలక మీద పసుపు అంకెలు ఉన్నదే తీసుకోండి. తెల్ల పలక బండి కిరాయికి ఇయ్యడం చెల్లదు, పోలీసులు ఆపితే జరిమానా మీ మీద పడతది.

అడ్వాన్స్ పంపే ముందు

రిసార్టు పేరుతో దొంగ వెబ్‌సైట్లు, దొంగ ఫోన్ నంబర్లు సెలవుల ముందు పుట్టుకొస్తయి. మ్యాప్‌లో ఉన్న నంబరు, వెబ్‌సైట్‌లో ఉన్న నంబరు ఒకటేనా చూడండి. ఫోన్ చేసి ఇప్పుడున్న రిసెప్షన్ నుంచి ఒక చిన్న వీడియో కాల్ అడగండి, నిజమైనవాళ్లు చూపిస్తరు. యూపీఐలో పైసలు పంపేటప్పుడు వచ్చే పేరు రిసార్టుదో యజమానిదో కాకుండా ఇంకెవరిదో అయితే ఆగండి. పూర్తి పైసలు ముందే అడిగితే వద్దనండి, నాలుగో వంతు చాలు.

ఆ తర్వాత వాట్సాప్‌లో ఇట్ల రాసి, అవతల నుంచి "అవును" అని రాయించుకోండి: "అక్టోబర్ 4 మధ్యాహ్నం 1 నుంచి 6 పొద్దున 11 దాంక, రెండు ఏసీ సీ ఫేసింగ్ రూములు, ఆరుగురం, రెండు అదనపు పరుపులు, జనరేటర్ మీద ఏసీ, రోజుకు రెండు నీళ్ల క్యాన్లు, జీఎస్టీతో కలిపి మొత్తం ఇంత, అడ్వాన్స్ ఇంత, తుఫానుకు తీరం మూస్తే పూర్తి వాపసు." దీన్ని ఇద్దరి ఫోన్లలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తీరం కాడ నెట్‌వర్క్ ఎప్పుడు పోతదో తెలియదు. బయల్దేరిన రోజు దారిలో నుంచే మళ్లీ ఫోన్ చేసి ఎన్ని గంటలకు చేరుతరో చెప్పండి. సాయంత్రం దాంక మీ నుంచి మాట రాకపోతే రద్దీ రోజున గేటు కాడ నిలబడ్డ వేరేవాళ్లకు మీ రూం ఇచ్చేస్తరు. పెద్దలు ప్రతి ఒక్కరి ఆధార్ కార్డు వెంట ఉండాలె. జిరాక్స్ ఇయ్యాల్సి వస్తే, మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇయ్యండి.